పాలు అమ్మవి, జోల ఎవరిది?

2007లో ఇదే బ్లాగులో జోలపాటల మీద ఒక వ్యాసం రాశాను. పాతమిత్రులకు గుర్తుండే ఉంటుంది. దానికి ముప్పై పైచిలుకు వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో సగం "అద్భుతం", "కళ్ళు చెమర్చాయి" వగైరాలు. మొన్న ఆ వ్యాసాన్ని మళ్ళీ తీసి చదివాను. "మాతృహృదయం" అన్న మాటను పదకొండు సార్లు వాడాను (లెక్కపెట్టాను). ఒకచోట "తాను నిద్ర మాని బిడ్డను నిద్రపుచ్చే త్యాగమూర్తి" అన్నాను. మరొకచోట "రాత్రికి కాపలా కాసే దేవత" అన్నాను. తండ్రి అన్న మాట మాత్రం అంత పొడుగు వ్యాసంలో ఒక్కసారి కూడా లేదు.

ఈ టపా ఆ వ్యాసానికి ఖండన. దాన్ని రాసినవాణ్ణి నేనే కనుక ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ఆనాడు మెచ్చుకున్నవారు మాత్రం కాస్త సర్దుకుని కూర్చోవాలి.

మా అమ్మాయి పురిటికి మా ఇంటికి, రాజమండ్రికి, వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అల్లుడు బెంగుళూరులో ఉద్యోగం. బారసాలకు వచ్చి, నాలుగు రోజులుండి, సెలవు అయిపోయిందని వెళ్ళిపోయాడు. నలుగు, నీళ్ళు, పథ్యం, పొత్తిళ్ళు అన్నీ మా ఆవిడే చూసుకుంటోంది. మా అక్కయ్య సలహాలు చూసుకుంటోంది. నేను? నేను పేర్ల జాబితా తయారుచేశాను. నక్షత్రానికి తగిన అక్షరం, సంధి దోషం లేని సమాసం, అర్థగౌరవం అన్నీ చూసి మరీ చేశాను. తాతగా నా బాధ్యత తీరిందనుకున్నాను.

బిడ్డకు ఆరో వారం. ఒక రాత్రి మూడు దాటాక మంచినీళ్ళకని లేచాను. హాలులో చిన్న దీపం వెలుగుతోంది. సోఫాలో మా అమ్మాయి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. తల వెనక్కి వాలి ఉంది. బిడ్డ ఒడిలో లేదు. మోచేతికీ సోఫా వీపుకీ నడుమ ఉన్న సందులోకి జారిపోయి ఉంది. ముఖం మెత్తవైపు ఉంది. తీసి గుండెకు హత్తుకున్నాను. మూతి ముడిచి, చిన్నగా మూలిగి, మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఊపిరి ఆడుతోందా లేదా అని నేను చూసుకున్న ఆ రెండు క్షణాలూ నా అరవయ్యేళ్ళ జీవితంలో నాకు తెలిసిన అతి పొడుగైన కాలం.

ఏమీ జరగలేదు. జరగలేదు కనుకనే ఈ టపా రాయగలుగుతున్నాను.

అమ్మాయి ఉలిక్కిపడి లేచి మొదట అన్న మాట: "సారీ నాన్నా, నిద్రపట్టేసింది." క్షమాపణ! రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలిస్తూ, ఆరు వారాలుగా ఒక్కసారైనా వరుసగా మూడు గంటలు కునుకు తీయని మనిషి, రాత్రంతా గురకపెట్టి పడుకున్న నన్ను క్షమించమంటోంది. మరి హాలులోకి ఎందుకు వచ్చావమ్మా అని అడిగితే, "అమ్మకు మోకాళ్ళ నొప్పులు కదా, దీపం వేస్తే లేస్తుందని" అంది.

మిత్రులు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బిడ్డతో నిద్రపోవడానికి ఇంట్లో ఉన్న చోట్లన్నింటిలోకీ అత్యంత ప్రమాదకరమైనది సోఫా. పెద్దవాళ్ళతో కలిసి సోఫాలోనో మెత్తటి వాలుకుర్చీలోనో నిద్రపోయిన పసిబిడ్డకు ప్రాణాపాయం 67 రెట్ల వరకు ఎక్కువని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. అంత ప్రమాదకరమైన చోటుకు మా అమ్మాయిని నడిపించింది అజ్ఞానమూ కాదు, అజాగ్రత్తా కాదు. మర్యాద. ఇంట్లోవాళ్ళ నిద్ర చెడగొట్టకూడదన్న మర్యాద. ఆ మర్యాదను మనం మన ఆడపిల్లలకు నేర్పాము. దానికి నావంటి వాళ్ళం "త్యాగం" అని పేరుపెట్టి వ్యాసాలు రాశాము. నా పదకొండు మాతృహృదయాలూ కలిసి ఆ బిడ్డను ఆ సందులోకి తోశాయని నేనంటే అది అతిశయోక్తి కాదు.

ఇక వాదానికి వస్తాను. రాత్రివేళ బిడ్డ పాల కోసం లేవడం ఒక పని అని అందరం అనుకుంటాం. కాదు, రెండు పనులు. మొదటిది పాలివ్వడం. తల్లిపాలు తాగే బిడ్డకు అది తల్లే చేయాలి, అందులో మనకు పాత్ర లేదు. రెండోది పాలు తాగిన బిడ్డను మళ్ళీ క్షేమంగా పడుకోబెట్టడం. భుజాన వేసుకోవడం, తడిసిన గుడ్డ మార్చడం, కాసేపు తిప్పడం, కూర్చోవడం, పక్క మీదికి చేర్చడం, సరిగా పడుకుందో లేదో చూడడం. ఈ జాబితాలో స్త్రీ శరీరం మాత్రమే చేయగల పని ఏదైనా ఉంటే నాకు చూపించండి. అయినా మన ఇళ్ళలో రెండు పనులనూ ఒకే పొత్తిలిలో చుట్టి తల్లి ఒడిలో పెట్టేశాం.

ప్రమాదమంతా ఉన్నది ఆ రెండో సగంలోనే. పాలిచ్చేటప్పుడు తల్లి శరీరంలో ఊరే రసాయనాలే ఆమెకు మగత తెప్పిస్తాయి. కడుపు నిండిన బిడ్డా మత్తుగా ఉంటుంది. సరిగ్గా ఆ ఘడియలోనే ఒక మెలకువగల మనిషి కావాలి. మనం మాత్రం ఆ పనికి ఇంటిల్లిపాదిలోనూ అందరికంటే అలసిన మనిషిని నియమించాం. ఏ కర్మాగారమైనా వరుసగా ఆరు వారాలు రాత్రిపాళీ చేసిన మనిషికి అతి ప్రమాదకరమైన యంత్రాన్ని అప్పగిస్తే మనమే సంపాదకుడికి లేఖ రాస్తాం కదా?

ఆక్షేపణలు వస్తాయని తెలుసు. మా ఇంట్లో వచ్చినవే చెబుతాను.

మొదటి ఆక్షేపణ మా అక్కయ్యది. "ఒరేయ్, మనమంతా పెరగలేదట్రా?" పెరిగాం. పెరిగినవాళ్ళమే ఈ ప్రశ్న అడుగుతాం. పెరగనివాళ్ళు వచ్చి జవాబు చెప్పరు. మా అమ్మ ఎనిమిది మందిని కన్నది, ఐదుగురం మిగిలాం. ఆ ముగ్గురి మాటా ఎత్తితే "వాళ్ళకు ఆయుష్షు అంతే" అనేది మా నాయనమ్మ. ఆ మూడు మరణాల కారణాలు నాకు తెలియవు, తెలిసినట్టు నటించను. కానీ "మనమంతా" అన్న మాటలో వాళ్ళు లేరన్నది మాత్రం నిజం.

రెండో ఆక్షేపణ మరింత గట్టిది. "వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కి గొంతుకు అడ్డం పడతాయి, బోర్లా వేయాలి, కనీసం పక్కకు ఒత్తిగిలించాలి" అని. నేనూ నిన్నమొన్నటి వరకు అలాగే నమ్మాను. నమ్మి, ముప్పైయేళ్ళ క్రితం మా అమ్మాయినే బోర్లా పడుకోబెట్టమని మా ఆవిడకు సలహా ఇచ్చాను (లేచి పడుకోబెట్టింది ఆవిడే. సలహా మాత్రం నాది). నిజమేమిటంటే, బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు ఊపిరిగొట్టంలోకి పోవాలంటే ఎత్తుకు ఎక్కాలి. బోర్లా వేస్తే అమరిక తలకిందులవుతుంది, అన్నవాహిక పైకి, ఊపిరిగొట్టం కిందికి వస్తాయి. అంటే మనం దేనికి భయపడి బోర్లా వేస్తున్నామో, ఆ భయానికి తావు బోర్లా వేస్తేనే ఎక్కువ. పక్కకు ఒత్తిగిలించిన బిడ్డ సులువుగా బోర్లా దొర్లుతుంది కనుక అదీ నమ్మదగినది కాదు.

ఇక్కడ మా అక్కయ్య ఒక్కతినే తప్పుపట్టడం అన్యాయం. 1950లలో, ఆ తర్వాత కూడా పాశ్చాత్య లోకంలో ఇంటింటా చదివిన డాక్టర్ స్పాక్ పుస్తకం సైతం ఇదే కారణం చెప్పి బిడ్డను బోర్లా వేయమంది. 2005లో వెలువడిన ఒక పరిశోధన పాత అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూసింది. బోర్లా పడుకోబెట్టడం హానికరమని చెప్పడానికి చాలినంత ఆధారం 1970 నాటికే ఉందని తేల్చింది. అప్పుడే మేలుకుని ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పది వేల పైచిలుకు, ఐరోపా, అమెరికా, ఆస్ట్రలేషియాలలో కనీసం యాభై వేల పసిప్రాణాలు దక్కి ఉండేవని లెక్కగట్టింది. బ్రిటన్, న్యూజీలాండ్‌లలో 1991లో, అమెరికాలో 1992లో వైద్యులు మాట మార్చుకున్నారు. వెల్లకిలా పడుకోబెట్టండి అన్నారు. అమెరికాలో ఆ తర్వాతి పదేళ్ళలో పసిబిడ్డల ఆకస్మిక మరణాలు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, సూది లేదు, ఖర్చు లేదు. బిడ్డను తిప్పి వేశారు, అంతే. తప్పు చేసినవాళ్ళు తప్పని తెలిశాక మాట మార్చుకున్నారు. మన "అనాదిగా వస్తున్న ఆచారం" కూడా ఆ పాటి వినయం చూపితే దానికి వచ్చే నష్టమేమిటి?

ఇదంతా తెల్లవాళ్ళ రోగం, మనకెందుకు అని మరొక మిత్రుడు ఫోనులో అన్నాడు. మన దేశంలో పురిటిబిడ్డలు పోయేది ఎక్కువగా నెలలు నిండకపోవడం వల్ల, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం వల్ల, ఇన్ఫెక్షన్ల వల్ల. నిజమే, ఒప్పుకుంటాను. కానీ మెత్తటి దిండు కింద చిక్కుకున్న ముక్కుకు జాతీయత ఉండదు. పైగా మన ఇళ్ళ స్వరూపం మారింది. చాపా, పాతచీరల బొంతా పోయి, అరచెయ్యి లోతు దిగే పరుపులు వచ్చాయి. రెండు మెత్తల సోఫాలు వచ్చాయి. పదిమంది ఆడవాళ్ళుండే ఉమ్మడి ఇల్లు పోయి, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ ఒక్కతే మిగిలింది. పరుపు మార్చుకున్నాం, సోఫా మార్చుకున్నాం, "పురుడు ఆడవాళ్ళ వ్యవహారం" అన్న ఒక్కదాన్ని మాత్రం సనాతనంగా అట్టేపెట్టుకున్నాం.

ఆవాల దిండు సంగతీ ఇక్కడే చెప్పాలి. తల గుండ్రంగా కుదురుతుందని మా అక్కయ్య ఎంతో ప్రేమగా, ఆవాలు ఎండబెట్టి, మెత్తటి బట్టలో కుట్టి తెచ్చింది. ఆ ప్రేమను నేను శంకించను. కానీ ఏడాది నిండని బిడ్డ పక్కలో ఏ దిండూ ఉండకూడదు, ఆవాలదైనా, దూదిదైనా. తల గుండ్రం కావడానికి దారి వేరే ఉంది. వెల్లకిలా పడుకున్న బిడ్డ తలను ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిప్పడం, పగటిపూట బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు మనం ఎదుట కూర్చుని కాసేపు బోర్లా వేసి ఆడించడం. చీర ఉయ్యాల కూడా అంతే. మనం దగ్గరుండి ఊపుతున్నంతసేపు దాని అందం దానిదే. మనం కూడా నిద్రపోయే వేళ అందులో బిడ్డను వదలడం వేరు. గుడ్డ వంపులో గడ్డం రొమ్ముకు ఆనుకుంటే సన్నని ఊపిరిగొట్టం నొక్కుకుపోతుంది. పసిబిడ్డ తల ఎత్తుకోలేదు, ఎత్తమని అరవలేదు.

అంతకంటే మేధావులు మరొకరున్నారు. విదేశాల్లో ఉంటున్న మా బంధువు ఒకాయన: "ఏడవనివ్వండి మావయ్యగారూ, అదే అలవాటు పడుతుంది" అన్నాడు. ఆరు వారాల బిడ్డకు రాత్రీ పగలూ తేడా ఇంకా తెలియదు. ఆ గడియారం శరీరంలో కుదురుకోవడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. ఏడుపు పతాకస్థాయిలో ఉండేది కూడా ఆ ఆరో వారం చుట్టూనే. దానికి క్రమశిక్షణ నేర్పబోయేవాడు మొదట నిద్రలో తన గురక ఆపుకుని చూపించాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను. ఖండన రాసి, మండనం రాయకపోవడం మన బ్లాగుల పాత జబ్బు కనుక.

రాత్రి పాళీ రెండుగా చీల్చాం. అమ్మాయి మంచం మీదే కూర్చుని పాలిస్తుంది. ఆ మంచం మీద దిండ్లూ దుప్పట్లూ బిడ్డ దరిదాపుల్లో ఉండవు. ఒకవేళ పాలిస్తూ కునుకు పట్టినా సోఫా కంటే అలా ఖాళీ చేసిన మంచమే తక్కువ అపాయమని ఆ వైద్యులే చెబుతున్నారు. మెలకువ రాగానే బిడ్డను మళ్ళీ దాని పక్కలోకి చేర్చాలి. పాలు తాగడం అయ్యాక నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. నేను వెళ్ళి బిడ్డను అందుకుంటాను. అమ్మాయి ఆ క్షణమే పడుకుంటుంది.

బిడ్డను భుజాన నిటారుగా వేసుకుంటాను. త్రేన్పు వస్తే సంతోషం, రాకపోతే బాదడం లేదు. చండీగఢ్‌లో 71 మంది తల్లీబిడ్డల జంటల మీద జరిపిన ఒక అధ్యయనంలో, త్రేన్పు తెప్పించినందువల్ల కడుపునొప్పి ఏడుపులు చెప్పుకోదగినంతగా తగ్గలేదనీ, పాలు కక్కడం మాత్రం పెరిగిందనీ తేలింది. అది చదివాక నా అరచేతికి శాంతి కలిగింది. బిడ్డ ఏడుస్తుంటే హాలులో ఆగకుండా అయిదు నిమిషాలు నడుస్తాను. నిద్రపోయాక వెంటనే పడుకోబెట్టను. నిటారు కుర్చీలో (సోఫాలో కాదు!) మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చుంటాను. 2022లో జపాన్ పరిశోధకులు 21 మంది పసిబిడ్డల గుండె వేగాన్ని కొలిచి ఈ పద్ధతినే చెప్పారు. నిద్ర పట్టగానే దించితే బిడ్డ ఉలిక్కిపడుతుందట. కాస్త ముదిరిన నిద్రలో దించితే లేవదట. మా నాయనమ్మకు ఈ సంగతి గుండెవేగం కొలవకుండానే తెలుసు. "నిద్ర పండనీరా" అనేది. చూశారా, పెద్దలు చెప్పినదంతా కొట్టెయ్యమని కాదు నా వాదం. ఏది నిలుస్తుందో పరీక్షించి నిలుపుకోమని.

పడుకోబెట్టేది అమ్మాయి మంచం పక్కనే, చేతికందే దూరంలో, ప్రత్యేకమైన పక్క మీద. కనీసం ఆరు నెలలు ఒకే గది, వేరే పక్క. పరుపు గట్టిగా, చదునుగా, ఏటవాలు లేకుండా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెడతాను. దిండు లేదు, బొంత లేదు, బొమ్మ లేదు. దోమతెర బిగుతుగా ఉంటుంది, ముఖం మీదికి వేలాడదు. తలకు టోపీ తీసేస్తాను. రాజమండ్రి ఎండల్లో, కరెంటు పోయిన రాత్రి, ఉన్ని టోపీ పెట్టి బిడ్డను ఉడకబెట్టడం మన మరో ఆచారం. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే చెమట తెలుస్తుంది. బిడ్డ పడుకున్న గదిలో సాంబ్రాణి పొగ మానేశాం. ఇంట్లో చుట్ట, సిగరెట్టు తాగేవాళ్ళుంటే వాళ్ళకు వేరే టపా రాయాలి. మొత్తం అరగంట. రాత్రికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు.

మొదటి రాత్రి అమ్మాయి "మీరు పడుకోండి నాన్నా, నేను చూసుకుంటాను" అని నాలుగుసార్లు అంది. మా అక్కయ్య "మగవాడివి, నీకెందుకురా ఇవన్నీ" అని ఆరుసార్లు అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ, నావైపు చూడకుండా, "దీన్ని పెంచినప్పుడు తెలియలేదు కాబోలు" అంది. ఈ టపాకు రాగల అత్యంత కఠినమైన వ్యాఖ్య అప్పుడే వచ్చేసింది. నా దగ్గర జవాబు లేదు.

గత శనివారం అల్లుడు వచ్చాడు. రాత్రి పాళీ అప్పగించబోతే "నాకు పడేస్తానని భయం మావయ్యగారూ" అన్నాడు. భయం మంచిదే నాయనా, భయమున్నవాడు నిద్రపోడు అన్నాను. రెండో రాత్రికి నాకంటే బాగా నేర్చుకున్నాడు. మగవాళ్ళకు చేతకాదన్నది ఎవరో మనకు అనుకూలంగా పుట్టించిన మాట. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచుతూ 2017లో చట్టాన్ని సవరించినప్పుడు తండ్రి ఊసే ఎత్తకపోవడం కూడా ఆ మాట ఫలితమే. చట్టం సంగతి పెద్దలు చూడాలి. రాత్రి మూడు గంటల సంగతి మనం చూడవచ్చు.

ఆ రోజుల్లో అర్ధరాత్రి దాకా మేలుకుని ఛందస్సు మీద, లిపి సంస్కరణ మీద కొట్లాడుకున్నవాళ్ళం మనం. ఒంటిగంటకు టపా, రెండింటికి వ్యాఖ్య, మూడింటికి ప్రతివ్యాఖ్య. మేలుకోవడం మనకు చేతకాదని మాత్రం దయచేసి అనకండి. పక్కగదిలో ఎవరు మేలుకుని ఉన్నారో చూడలేదు, అంతే.

2007 నాటి వ్యాసాన్ని తొలగించడం లేదు. దాని నెత్తిన ఒక వాక్యం మాత్రం చేర్చాను: "ఈ వ్యాసం రాసినవాడు ఆనాటికి ఏ బిడ్డనూ ఒక్క రాత్రి కూడా నిద్రపుచ్చి ఎరగడు."

ఖండించదలచినవారు తప్పకుండా ఖండించండి. వ్యాఖ్య మొదటి పంక్తిలో మాత్రం, మీ ఇంట బిడ్డ ఉన్నప్పుడు రాత్రి ఎన్నింటికి లేచారో రాయండి. మిగతా వాదం ఆ తర్వాత చేసుకుందాం. ఉంటాను. మిస్డ్ కాల్ వచ్చింది.